2038 కోసం 2038 దాకా ఆగక్కర్లేదు

వాన ఎప్పుడు పడుతుందో వాతావరణ శాఖ కూడా గట్టిగా చెప్పలేదు. కరెంటు ఎప్పుడు పోతుందో లైన్‌మాన్ కూడా చెప్పలేడు. కానీ 2038 జనవరి 19, మంగళవారం పొద్దున 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే కొన్ని కంప్యూటర్లకి ఏమవుతుందో మనకి సెకనుతో సహా తెలుసు. ఇంత కచ్చితంగా తేదీ, టైము చెప్పి మరీ వస్తున్న ఆపద ఇంకోటి లేదు. అయినా ఆఫీసులో ఈ మాట ఎత్తితే వచ్చే జవాబు ఒక్కటే. "ఇంకా బోలెడు టైముంది కదా బాస్, ఇప్పుడెందుకు?"

టైము లేదండీ. చాలా సాఫ్ట్‌వేర్లకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. నేను చెప్పదల్చుకున్నది ఇదొక్కటే.

సంగతి తెలియనివాళ్ళు మనలో తక్కువే గానీ, ఒకసారి క్లుప్తంగా చెప్పుకుందాం. యునిక్స్ పద్ధతిలో టైము అంటే 1970 జనవరి 1 నుంచి, గ్రీనిచ్ లెక్కలో, గడిచిన సెకన్లు. ఆ సెకన్లని చాలాకాలం 32 బిట్ల సైన్డ్ ఇంటీజర్లో పెట్టారు. దాంట్లో పట్టే పెద్ద సంఖ్య 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. డ్రమ్ము అక్కడికి నిండిపోతుంది. ఆ తరవాతి సెకనుకి సంఖ్య మైనస్‌లోకి తిరగబడి, తేదీ 1901 డిసెంబర్ 13కి పోతుంది. మన టైములో అయితే 14 తెల్లవారుజాము. అంటే మా జనగామ మళ్ళీ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పాలనలోకి వెళ్ళిపోతుందన్నమాట :)

నవ్వుకోడానికి బాగానే ఉంది. కానీ ఇక్కడ అందరూ మర్చిపోయేది ఒకటుంది. సాఫ్ట్‌వేరు ఈరోజు తేదీని మాత్రమే దాచదు. రాబోయే తేదీలని కూడా దాస్తుంది. లోను ఎప్పుడు తీరుతుంది, పాలసీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుంది, వారంటీ ఎప్పుడు అయిపోతుంది, రిజిస్ట్రేషన్ ఎప్పటిదాకా చెల్లుతుంది... ఇవన్నీ మనుషులకి ఇచ్చిన మాటలు. మీ సాఫ్ట్‌వేరు ఎన్నేళ్ళ మాట ఇస్తుందో ఆ సంఖ్యని 2038లోంచి తీసేయండి. మీ గడువు అదీ.

ఈ లెక్క వేసి చూడండి. 30 ఏళ్ళ ఇంటి లోను రాసే సాఫ్ట్‌వేరుకి గడువు 2008 జనవరి. 25 ఏళ్ళ వారంటీ రాసేదానికి 2013. సుకన్య సమృద్ధి ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్ళకి మెచ్యూర్ అవుతుంది, కాబట్టి 2017 జనవరి తరవాత ఆడపిల్ల పేరు మీద తెరిచిన ప్రతి ఖాతా ఆ గీత దాటినట్టే. 20 ఏళ్ళ ఇంటి లోనుకి 2018. సొంత కారుకి రిజిస్ట్రేషన్ 15 ఏళ్ళు చెల్లుతుంది, అంటే 2023 జనవరి తరవాత షోరూం నుంచి బయటికొచ్చిన ప్రతి బండీ 2038 అవతలి తేదీ మోస్తూ తిరుగుతోంది. పదేళ్ళ పాస్‌పోర్టుకి 2028. ఐదేళ్ళ ఫిక్స్‌డ్ డిపాజిట్‌కి 2033.

ఈ బ్యాంకులు, శాఖల సాఫ్ట్‌వేర్లలో తప్పుందని నేననడం లేదు. పెద్ద సంస్థలు ఈ గీతని ఎప్పుడో దాటేశాయి. నేననేది, ఇలాంటి పని చేసే ఏ సాఫ్ట్‌వేరుకైనా, అది చిన్నదైనా పెద్దదైనా, గడువు ఇలాగే లెక్కకట్టాలని. అలా కడితే మిగిలిన గడువులకంటే పోయిన గడువులే ఎక్కువ కనిపిస్తాయి.

ఇది ఊహ కూడా కాదు. 2006 మే నెలలో ఏఓఎల్‌సర్వర్ అనే వెబ్ సర్వర్ వాడే సైట్లు కొన్ని ఉన్నట్టుండి పడిపోయాయి. దాంట్లో డేటాబేస్ కనెక్షన్‌కి "ఎప్పటికీ టైమవుట్ కావద్దు" అనడానికి 100 కోట్ల సెకన్లని రాసుకున్నారు. 100 కోట్ల సెకన్లంటే దాదాపు 31 ఏళ్ళ 8 నెలలు. 2006 మేలో "ఇప్పుడు ప్లస్ 100 కోట్లు" అని కూడగానే 2038 దాటింది, సంఖ్య తిరగబడింది. 2038 రావడానికి 32 ఏళ్ళ ముందే 2038 వచ్చేసింది!



మన తెలుగువాళ్ళకి వైటూకే అంటే ఆపద కాదు, పండగ. నేను పుట్టింది 1997లో, కాబట్టి నాకు తెలిసిందంతా విన్న కథలే. మా బంధువుల్లో అన్న వరసాయన ఒకాయన అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా విమానం ఎక్కిన కథ ప్రతి పెళ్ళిలోనూ వింటాను. 1998 నవంబర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది, ఊళ్ళలో పొలాలమ్మి పిల్లలకి కోర్సులు కట్టారు, రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని మీద ఒక తరం తరం సముద్రాలు దాటింది.

ఆ కథలో ఒక ముక్క మాత్రం ఎవరూ చెప్పరు. ఆ రోజుల్లో చాలాచోట్ల నాలుగంకెలు చెయ్యనే లేదు. అంత టైము లేక, "ఇన్నిట్లోపు వస్తే 2000లు, ఆ పైన వస్తే 1900లు" అని ఒక విండో పెట్టి వదిలేశారు. అది రిపేరు కాదు, వాయిదా. వాయిదాలకి కూడా తేదీలుంటాయి. 2020 జనవరి 1న న్యూయార్క్‌లో పార్కింగ్ మీటర్లు కార్డులు తీసుకోవడం మానేశాయి, లోపలి పేమెంట్ సాఫ్ట్‌వేరుకి అదే ఆఖరి తేదీగా రాసుంది మరి. 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లలో మెయిళ్ళు క్యూలో ఇరుక్కుపోయాయి. తేదీని 2201010001 అనే సంఖ్యగా రాసి 32 బిట్లలో కుక్కబోయారు. 21తో మొదలైనన్నాళ్ళూ పట్టింది. 22 రాగానే పట్టలేదు. అంతే.

అప్పటివాళ్ళకి ఒక సాకైనా ఉండేది. మెమరీ ఖరీదు, రెండంకెలు మిగిలినా డబ్బు మిగిలినట్టే. పైగా ఆ ప్రోగ్రాములు 2000 దాకా బతుకుతాయని రాసినవాళ్ళే అనుకోలేదు. మనకి ఆ సాకు లేదు. ఇంకో విషయం. 1970లలో రాసినవాళ్ళు 1999 నాటికి రిటైరయ్యారు, ఫోన్ మోగింది వేరేవాళ్ళకి. 2038లో నాకు 41 ఏళ్ళు. ఇంకా ఈఎంఐలు కడుతూ ఉంటాను. ఫోన్ మోగేది నాకే.



ఇప్పుడు మా ఊరి సంగతి. మాది జనగామ. మా పెదనాన్న మహబూబాబాద్‌లో ఉంటాడు. మా ఇళ్ళలో మహబూబాబాద్ అనం, మానుకోట అనే అంటాం. ఆయన లెక్కల సారుగా రిటైరయ్యాడు. 2024లో ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టించుకున్నాడు. రిటైర్మెంట్ డబ్బుల్లోంచి పెట్టిన ఖర్చు కాబట్టి రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో నోట్‌బుక్కులో రాసుకుంటాడు. ఒక నెల లెక్క తగ్గింది. ఎనిమిది రోజులు చూసి, ఒక ప్యానెల్‌లోనే తేడా ఉందని తేల్చుకుని, పెట్టిన కంపెనీకి ఫోన్ చేశాడు. ఆ కంపెనీ జనగామదే, పేరెందుకు లెండి. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడు జిల్లాల్లోనూ పనులు చేస్తారు. ఫోనెత్తిన అమ్మాయి కంప్యూటర్ చూసి, "సార్, మీ ప్యానెళ్ళకి వారంటీ లేదు సార్, లిస్టులో రావట్లేదు" అందట.

పెదనాన్న నాకు ఫోన్ చేశాడు. "ఏం కంప్యూటర్లు రా మీయి? ఇరవై అయిదేండ్లు అని కార్డు మీద రాసిచ్చిన్రు. రెండేండ్లు గాలే, లేదంటున్నరు."

"కార్డు ఫోటో తీసి పంపు పెదనాన్నా" అన్నాను.

ఫోటోలో ఇన్వర్టర్ వారంటీ 2031 దాకా అని చక్కగా ఉంది. దాని కింద ప్యానెళ్ళ వారంటీ ముగిసే తేదీ దగ్గర 30-11--0001 అని ఉంది. రెండు గీతలు, మూడు సున్నాలు, ఒక ఒకటి. ప్యానెళ్ళు క్రీస్తు పుట్టకముందే ఎక్స్‌పైర్ అయ్యాయన్నమాట. పెదనాన్న అది ఏదో సీరియల్ నంబర్ అనుకున్నాడట.

పీహెచ్‌పీ, మైఎస్‌క్యూఎల్ తో పనిచేసినవాళ్ళకి ఆ తేదీ చూడగానే వెలిగి ఉంటుంది. మైఎస్‌క్యూఎల్‌లో టైమ్‌స్టాంప్ అనే కాలమ్ 2038 జనవరి 19 దాకానే పడుతుంది. 2024కి 25 కూడితే 2049. స్ట్రిక్ట్ మోడ్ ఆన్‌లో ఉంటే "ఈ తేదీ పట్టదు" అని డేటాబేస్ మొహం మీదే చెప్పేది. ఆఫ్‌లో ఉంటే చిన్న వార్నింగ్ ఒకటి పడేసి, నోరు మూసుకుని అన్నీ సున్నాలు రాసుకుంటుంది. ఆ సున్నాల తేదీని పీహెచ్‌పీకిచ్చి రోజు, నెల, సంవత్సరంగా ప్రింటు చెయ్యమంటే వచ్చేదే ఈ మైనస్ ఒకటో సంవత్సరం నవంబర్ 30.

శనివారం పూట ఆ కంపెనీకి వెళ్ళాను. ఓనరు మంచాయనే. సాఫ్ట్‌వేరు రాసిచ్చిన కుర్రాడు హన్మకొండ నుంచి బెంగళూరు వెళ్ళిపోయాడట, ఫోనెత్తడు. ఓనరు ముందరే కూర్చుని డేటాబేస్ తెరిచాం. నేననుకున్నట్టే ఉంది. స్ట్రిక్ట్ మోడ్ ఆఫ్‌లో ఉంది. కంపెనీ 2019లో పెట్టినప్పటినుంచి, మూడు జిల్లాల్లో పెట్టిన ప్రతి కస్టమరుకీ ప్యానెల్ వారంటీ తేదీ సున్నాలే. సర్వీసు లిస్టు తీసే క్వెరీ "వారంటీ తేదీ ఈరోజు కంటే పెద్దదైతే చూపించు" అంటుంది. సున్నా ఎప్పటికీ పెద్దది కాదు. కాబట్టి ఏ ఒక్కరూ ఆ లిస్టులోకి రారు.

మరి ఇన్నేళ్ళూ ఎవరికీ ఎందుకు తెలీలేదు? ఫోన్లు వచ్చేవన్నీ ఇన్వర్టర్ల గురించే. ఇన్వర్టర్ వారంటీ తక్కువ ఏళ్ళది, ఆ తేదీ 2038 లోపే ఉంటుంది, బాగానే పనిచేసింది. ప్యానెళ్ళు మొదటి కొన్నేళ్ళు పెద్దగా చెడిపోవు. చెడిపోయినా, రోజూ యూనిట్లు రాసుకునే లెక్కల సారు ఇంటికొకరు ఉండరు కదా!

నేను 2038 గురించి చెప్పబోతే ఓనరు నవ్వాడు. "తమ్మీ, గా 2038 దాకా ఈ దుకాణం ఉంటదో ఉండదో. అప్పటి సంగతి అప్పుడు సూద్దాం తియ్."

"అన్నా, దుకాణం ఉండకపోవచ్చు. ప్యానెళ్ళు మాత్రం ఇంటి మీద ఉంటయి కదా" అన్నాను. ఆయన ఒక్క నిమిషం ఏం మాట్లాడలేదు. తరవాత "సరే, ఎట్ల జేద్దామంటవ్?" అన్నాడు.

అదృష్టం కొద్దీ ఆ కుర్రాడు ఒక మంచి పని చేశాడు. బిగించిన తేదీని విడిగా, వారంటీ ఎన్నేళ్ళో విడిగా దాచాడు. కూడిన ఫలితమే పాడైంది, కూడాల్సిన రెండూ భద్రంగా ఉన్నాయి. కాలమ్‌ని మామూలు డేట్ రకానికి మార్చి, అన్నీ మళ్ళీ లెక్కకట్టి, స్ట్రిక్ట్ మోడ్ ఆన్ చేసి, కార్డులు మళ్ళీ ప్రింటు తీశాం. ఒక పూట పని. సోమవారం పెదనాన్నకి వాళ్ళే ఫోన్ చేశారు. ఆ వారంలో ప్యానెల్ మార్చారు.

ఒక పూట పని, నిజమే. కానీ మూడు జిల్లాల్లో అంతమంది జేబులోంచి 25 ఏళ్ళ హామీ మాయమైపోయినా ఎవరికీ తెలీకుండా ఏళ్ళు గడిచాయి. ప్రోగ్రాం క్రాష్ అయితే ఎవరో ఒకరు తిడతారు, బాగుచేస్తాం. ఇది క్రాష్ కాలేదు. మర్యాదగా "లిస్టులో లేరు సార్" అంది. 2038లో నాకు భయం వేసేది ఇలాంటి మర్యాదే.



"64 బిట్ వచ్చేసింది కదా, ఇంకా ఈ గోలేంటి?" అని మీరడగొచ్చు. మంచి ప్రశ్నే. 64 బిట్లలో సెకన్లు లెక్కపెడితే 29 వేల కోట్ల ఏళ్ళు పడుతుంది, అప్పటిదాకా సూర్యుడే ఉండడు. 2020లో వచ్చిన లినక్స్ 5.6 కెర్నెల్ 32 బిట్ మెషీన్లలో కూడా 64 బిట్ టైముకి దారి వేసింది. 2021లో జీలిబ్‌సీ 2.34 దాన్ని ప్రోగ్రాముల దాకా తెచ్చింది. డెబియన్ వాళ్ళు 2025లో వచ్చిన 13వ వెర్షన్‌కి వేల ప్యాకేజీలు మళ్ళీ కంపైల్ చేశారు. ఈ పని చేసినవాళ్ళకి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

కానీ మెషీన్ 64 బిట్ అయినంత మాత్రాన మీ కాలమ్ 64 బిట్ అయిపోదు. పైన చెప్పిన సోలార్ కంపెనీ సర్వర్ 64 బిట్టే! బావిలో నీళ్ళు ఎన్నున్నా మనం తోడుకునేది బొక్కెనతోనే. మీ డేటాబేస్ కాలమ్, మీ బైనరీ ఫైలు ఫార్మాట్, పక్క సిస్టమ్‌కి పంపే మెసేజ్‌లోని నాలుగు బైట్ల ఫీల్డు, జావాలో మిల్లీసెకన్లని వెయ్యితో భాగించి ఇంట్‌లోకి కాస్ట్ చేసిన ఆ ఒక్క లైను... ఇవన్నీ బొక్కెనలు. ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు వచ్చి వీటిని మార్చరు.

ఇంకో రకం బొక్కెన ఉంది. "ఎప్పటికీ" అని రాయడానికి మనం వాడే తేదీలు. ఎంజిన్‌ఎక్స్ సర్వర్లో ఎక్స్‌పైరీని గరిష్ఠంగా పెట్టమంటే అది రాసే తేదీ 2037 డిసెంబర్ 31. చాలా ప్రోగ్రాముల్లో "గడువు లేదు" అంటే 2037 చివరి రోజే. రాసినవాళ్ళు 2038 గురించి తెలిసే, దానికి ఒక అడుగు ఇవతల ఆగారు. 2038 జనవరి 1 వచ్చేసరికి గడువే లేదనుకున్నవన్నీ ఒక్కసారిగా గడువు దాటినవైపోతాయి.



"అంత దూరం మార్పుల గురించి ఇప్పుడే ఎవరాలోచిస్తారు?" అనే మాట మా వైపు వాళ్ళ దగ్గర చెల్లదు. మా బంధువుల ఇంటి ముందు నాలుగు బండ్లుంటాయి. పాత స్కూటర్ ఏపీ 36, ఉమ్మడి వరంగల్ జిల్లాది. తరవాతి బైకు టీఎస్ 03, 2014లో రాష్ట్రం వచ్చాక కొన్నది. కారు టీఎస్ 27, 2016 అక్టోబర్ 11న జనగామ జిల్లా అయ్యాక కొన్నది. కొత్త స్కూటీ టీజీ 27, 2024 మార్చిలో టీఎస్ టీజీగా మారాక కొన్నది. మహబూబాబాద్‌కి 26, భూపాలపల్లికి 25. ఇల్లు కదల్లేదు, వాకిలి కదల్లేదు, పదేళ్ళలో కోడ్ మూడు సార్లు మారింది. భూపాలపల్లి జిల్లాలోంచి 2019 ఫిబ్రవరిలో ములుగు మళ్ళీ విడిపోయింది కూడా.

రాష్ట్రానికి పది జిల్లాలే ఉంటాయని రాసుకున్న ప్రోగ్రాములు 2016లో 31 జిల్లాలు చూశాయి, 2019లో 33 చూశాయి. మార్పు వస్తుందని ముందే ఎవరికీ తెలీదు, అయినా గెజిట్ వచ్చాక అందరూ పరిగెత్తి మార్చారు. 2038కి అలాంటి గెజిట్ రాదు. ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వదు. తేదీ మాత్రం అన్నిటికంటే ముందే తెలుసు. ఎవరూ సంతకం పెట్టని గడువుని పట్టించుకోకపోవడం మన అలవాటు.

సరే, మార్చేద్దాం అనుకున్నారనుకోండి. మార్చేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. సులువు దారి ఒకటుంది. సైన్డ్‌ని అన్‌సైన్డ్ చేసెయ్యడం. బిట్లు అవే, గడువు 2106 దాకా జరుగుతుంది. మరియాడీబీ 11.5లో టైమ్‌స్టాంప్‌ని ఇలాగే 2106 దాకా పెంచారు, అక్కడ అది బాగానే ఉంది, ఎందుకంటే ఆ కాలమ్‌లో 1970కి ముందు తేదీలు మొదటినుంచీ లేవు. కానీ అదే పని భూమి రికార్డుల సాఫ్ట్‌వేర్లో చేశారనుకోండి? తెలంగాణలో భూమి తగాదా వస్తే ఇప్పటికీ మొదట అడిగేది 1954-55 ఖాస్రా పహాణీ. అంతకు ముందువైతే ఫసలీ సంవత్సరాలు, 590 కలిపితే గానీ ఇంగ్లీషు సంవత్సరం రాదు. ఇవన్నీ 1970కి ముందువి, అంటే మైనస్ సంఖ్యలు. అన్‌సైన్డ్ చేస్తే మైనస్సులకి చోటుండదు. రేపటి కోసం నిన్నటిని చెరిపేసినట్టవుతుంది. 1940లలో పుట్టిన ముసలవ్వ పుట్టిన తేదీకీ అదే గతి. మనకి రెండు వైపులా చోటు కావాలి.

అసలు చాలాసార్లు మనకి సెకన్లే అక్కర్లేదు. పుట్టిన రోజు, మెచ్యూరిటీ రోజు, వారంటీ ముగిసే రోజు... ఇవి క్యాలెండర్ మీది రోజులు, గడియారం మీది క్షణాలు కావు. రోజుని రోజుగానే దాచండి. డేట్ రకం కాలమ్‌లో ఏడాది 9999 దాకా పడుతుంది, టైమ్‌జోన్ గొడవ కూడా ఉండదు.



మా మేనమామ వాళ్ళది భూపాలపల్లి. అక్కడికి రైలు లేదు, హన్మకొండ నుంచి పరకాల మీదుగా బస్సులో పోవాలి. ఆ దారిలో చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపిస్తాయి. 500 మెగావాట్ల మొదటి యూనిట్ 2010లో, 600 మెగావాట్ల రెండోది 2016లో మొదలయ్యాయి. బొగ్గు ఊళ్ళోనే, సింగరేణి గనులది. కరెంటు రేట్లు కట్టే కేంద్ర నియంత్రణ సంఘం లెక్కల్లో బొగ్గు కేంద్రం ఆయుష్షు 25 ఏళ్ళు. 2016కి 25 కలపండి. 2041.

మొన్న బస్సు కిటికీలోంచి వాటిని చూస్తుంటే, ఈ సంగతి మన ఆఫీసు గదుల్లో తేలేది కాదనిపించింది. వెబ్ అప్లికేషన్ అయితే మంగళవారం రాత్రి డిప్లాయ్ చేస్తాం, తప్పైతే బుధవారం వెనక్కి తీసుకుంటాం. పవర్ ప్లాంటు, నీళ్ళ పంపింగ్ స్టేషన్, లిఫ్టు, స్మార్ట్ మీటరు, కిరాణా కొట్టులో సీసీ కెమెరా డబ్బా, వీటి లోపల చిన్న చిన్న కంట్రోలర్లుంటాయి. ఒకసారి బిగిస్తే మళ్ళీ విప్పేది ఏ పదేళ్ళకో. అప్‌డేట్ చెయ్యాలంటే పెద్ద ప్లాంటులో షట్‌డౌన్ కోసం ఆగాలి, చిన్న డబ్బాలకైతే అప్‌డేటే ఉండదు, కంపెనీయే ఉండకపోవచ్చు. ఇలాంటి చోట 2038 ప్రశ్న అడగాల్సిన రోజు 2037 కాదు. కొనే రోజు, టెండరు రాసే రోజు. 2013 తరవాత 25 ఏళ్ళు నడవాలని కొన్న ప్రతి యంత్రానికీ ఆ ప్రశ్న వర్తిస్తుంది. ఇవాళ కొనేదానికైతే చెప్పక్కర్లేదు.

ఇక మనలాంటివాళ్ళం ఏం చెయ్యొచ్చు? పెద్ద ప్రాజెక్టు అక్కర్లేదు. డేటాబేస్ స్కీమా తీసి టైమ్‌స్టాంప్ కాలమ్‌లు, టైము దాచే ఇంట్ కాలమ్‌లు వెతకండి. వాటిల్లో భవిష్యత్తు తేదీలు ఉండేవి ఏవో విడదియ్యండి, ముందు గండం వాటికే. వార్నింగులు మింగేసే సెట్టింగులు ఆఫ్ చెయ్యండి. మొదలైన తేదీని, ఎన్నేళ్ళో ఆ సంఖ్యని ఎప్పుడూ విడిగా దాచండి, కూడిన ఫలితం పాడైనా మళ్ళీ కూడుకోవచ్చు. టెస్టులు నడిపేటప్పుడు గడియారాన్ని 2038 జనవరి 20కి తిప్పి ఒకసారి నడపండి. లిబ్‌ఫేక్‌టైమ్ లాంటివి ఉన్నాయి, సర్వర్ గడియారం ముట్టుకోకుండానే ప్రోగ్రాముకి అబద్ధపు టైము చెప్పొచ్చు. వెండర్ దగ్గర ఏదైనా కొంటుంటే "2038 తరవాతి తేదీలు పనిచేస్తాయా?" అన్న ఒక్క లైను కొటేషన్‌లో రాయించుకోండి. జవాబు రాకపోతే అదే జవాబు.

మేనేజర్ దీనికి టైమిస్తాడా అంటే, "2038 బగ్" అని చెబితే ఇవ్వడు. "మన సిస్టమ్ ఇవాళ ఇస్తున్న 20 ఏళ్ళ తేదీ తప్పుగా ప్రింటవుతుందేమో చూడాలి" అని చెప్పండి. అది ఈ నెల పని, ఈ నెల కస్టమరు. టికెట్ దొరుకుతుంది.

వైటూకే మన అన్నలకి ఉద్యోగాలిచ్చింది, విమానం ఎక్కించింది. వాళ్ళు అంత కష్టపడి సరిచేశారు గనకే 2000 జనవరి 1న ఏమీ కాలేదు. ఏమీ కాలేదు గనకే అది ఉత్త హడావుడి అని జనం నవ్వుకున్నారు. మనం కూడా బాగా పనిచేస్తే మనకీ దక్కేది ఆ నవ్వే. నాకైతే అభ్యంతరం లేదు.

అన్నట్టు, 2038 జనవరి 19 మంగళవారం. మంగళవారం పూట మనవాళ్ళు కొత్త పని మొదలుపెట్టరు. కాబట్టి ముందే కానిద్దాం :)